గట్టి బండి పదేళ్లకు ఎంత పడుతుంది? సీమ దారుల్లో ఫోర్ బై ఫోర్ లెక్క

అనంతపురంలో ఎవరైనా కొత్త మహీంద్రా థార్ తెచ్చి ఇంటి ముందు నిలిపితే, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టకముందే రెండు ప్రశ్నలు వస్తాయి. "ఎంత పడిందన్నా?" అని ఒకటి, "లీటరుకు ఎంతిస్తాది?" అని ఇంకొకటి. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే బండిని ఐదేళ్లో పదేళ్లో ఉంచుకునేవాడి జేబుకు చిల్లు పెట్టేవి వేరే ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారి ఈ రకం బండ్ల ధరలు తగ్గాక, ఇన్నాళ్లూ ఆలోచిస్తూ ఉన్నవాళ్లు కూడా షోరూము మెట్లెక్కారు. చీనీ తోటల రైతులు, తాడిపత్రి బండల వ్యాపారులు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ వారాంతానికి ఊరికొచ్చే పిల్లలు, అందరి నోటా ఒకటే మాట: "గట్టి బండి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు." ఈ మాటలో కొంత నిజం ఉంది. మిగతాది విడదీసి చూడాలి.

"గట్టి" అన్న మాటలో మూడు సంగతులు

మొదటిది ఒళ్లు. మామూలు కార్లలో బాడీయే అస్థిపంజరం; అంతా కలిపి ఒకే డొల్లలా కట్టేస్తారు. థార్, మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా లాంటివాటిలో కింద నిచ్చెనలాంటి ఇనుప చట్రం వేరుగా ఉంటుంది, బాడీని దానిమీద కూర్చోబెడతారు. గుంతలో ఒక చక్రం దిగబడి బండి మెలితిరిగినప్పుడు ఆ ఒత్తిడిని చట్రం మోస్తుంది.

రెండోది ఎక్కగలిగే శక్తి. అంటే ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందడం), లో గేరు (నిదానంగా, ఎక్కువ బలంతో లాగేది), నేలకూ బండి కడుపుకూ మధ్య ఉన్న ఎత్తు. థార్‌కు ఈ ఎత్తు 226 మి.మీ., జిమ్నీకి 210.

మూడోది మన్నిక. ఏళ్లు గడిచినా ఖర్చు పెట్టించకపోవడం. చిక్కంతా ఇక్కడే. మొదటి రెండూ ఉన్నంతమాత్రాన మూడోది వచ్చి చేరదు. ఎక్కగలిగే శక్తి అంటే అదనంగా ఒక ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టె), ముందు వైపు ఇంకో డిఫరెన్షియల్ (శక్తిని రెండు పక్కల చక్రాలకు పంచే గేర్లు), దాని దాకా శక్తిని మోసే ఇంకో ప్రొపెల్లర్ షాఫ్టు, ఇంకొన్ని జాయింట్లు, సీళ్లు. మామూలు కారులో లేని ఈ సామాన్లన్నిటికీ నూనె, గ్రీజు కావాలి. శక్తి పెరిగిన కొద్దీ చూసుకోవాల్సినవీ పెరుగుతాయి. "గట్టి బండి, చూసుకోనక్కర్లేదు" అనే మాట పాత జీపుల కాలం నుంచి వచ్చింది. ఆ జీపులు చెడిపోనివేమీ కావు. చెడిపోతే గుత్తిలోనో పత్తికొండలోనో ఏ షెడ్డులోనైనా సాయంత్రానికి బాగయ్యేవి. కమాను కట్ట విరిగితే లారీల దగ్గర పనిచేసే కమ్మరే వేసిచ్చేవాడు. జనం దాన్ని మన్నిక అన్నారు. సరిగ్గా చెప్పాలంటే అది రిపేరు సులువు.

ఒకే థార్, రెండు పన్నులు

కొత్త జీఎస్టీ లెక్క వింతగా ఉంటుంది. పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజన్ 1,200 సీసీ లోపు, డీజిలైతే 1,500 సీసీ లోపు ఉంటే అది చిన్న కారు. పన్ను 18 శాతం. ఆ గీత దాటితే 40 శాతం. పాత సెస్సు పోయింది.

మూడు తలుపుల థార్ పొడవు 3,985 మి.మీ. వెనక చక్రాలకే శక్తినిచ్చే 1.5 లీటర్ల డీజిల్ రకం 1,497 సీసీ కాబట్టి 18 శాతంలోకి వచ్చింది. అదే ఒళ్లుతో ఉన్న 2.2 లీటర్ల ఫోర్ బై ఫోర్ డీజిల్ 40 శాతంలో ఉంది. ఇక జిమ్నీ. చూడ్డానికి మూడింటిలోకీ చిన్నది, బరువూ తక్కువే. కానీ దాని పెట్రోలు ఇంజన్ 1,462 సీసీ; 1,200 దాటింది కాబట్టి అదీ 40 శాతమే. చట్టం కంటికి చిన్నదేదో పెద్దదేదో తేల్చేది టేపు, సీసీ మాత్రమే.

ఇది డబ్బులో ఎంత? 40 శాతం పన్నుతో కలిపి 16 లక్షల షోరూము ధర ఉన్న బండి తీసుకుందాం. పన్ను తీసేస్తే అసలు ధర 11.43 లక్షలు. అదే అసలు ధరకు 18 శాతం వేస్తే 13.49 లక్షలు అవుతుంది. తేడా రెండున్నర లక్షలు. ఆపైన ధరను బట్టి లైఫ్ ట్యాక్సు పడుతుంది కాబట్టి తేడా ఇంకాస్త పెరుగుతుంది. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి తప్పనిసరిగా కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులోనూ ఇదే తంతు. కొత్త కారుకు మూడేళ్లది ఒకేసారి కట్టాలి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,500 సీసీ దాటిన ఇంజన్‌కు మూడేళ్లకు 24,596 రూపాయలు, 1,000 నుంచి 1,500 మధ్యైతే 10,640. పన్ను దీనికి అదనం.

అంటే "ఫోర్ బై ఫోర్ కావాలా?" అన్నది మన ప్రాంతంలో సరదా ప్రశ్నేం కాదు, లక్షల ప్రశ్న.

మన నేలకు నాలుగు చక్రాల శక్తి అక్కరుందా

అక్కర్లేదనేవాళ్ల వాదన బలమైనదే. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మి.మీ. అటూఇటూ. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. ఏడాదిలో దారి బురదయ్యే రోజులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కర్నూలు నుంచి అనంతపురం దాకా 44వ నంబరు జాతీయ రహదారి, కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు 40వ నంబరు రహదారి, రెండూ కారు రోడ్లే. ఇక అడవి సరదా అంటారా, నల్లమలలోకో లంకమలలోకో బండి తోలుకుపోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఇష్టమొచ్చినట్టు తిరిగే చోట్లు కావవి.

కావాలనేవాళ్లు వానను కాదు, నేలను చూడమంటారు. నాకూ ఈ మాటే సబబుగా తోస్తుంది. ఎర్రనేల నీటిని తొందరగా జార్చేస్తుంది. కల్యాణదుర్గం వైపు చేను బాట వాన ఆగిన పూటకే నడవడానికి పనికొస్తుంది. నల్లరేగడి అలా కాదు. నంద్యాల, కోవెలకుంట్ల వైపు ఒక్క వాన పడితే రేగడి చక్రానికి పట్టి, గాడుల్లో నిండి, టైరు సైజే మారిపోతుంది. అప్పుడు రెండు చక్రాలకే శక్తి అందే కారు పాదరసం మీద కాలు పెట్టినట్టు జారుతుంది. పెన్న, చిత్రావతి ఇసుకదీ ఇంచుమించు ఇదే కథ. చేను రేగడిలో ఉందా ఎర్రనేలలో ఉందా అన్నది ఏటా పడే వానకన్నా పెద్ద సమాధానం.

వాడితే అరిగేది, వాడకపోతే బిగుసుకునేది

థార్, జిమ్నీ, గూర్ఖా మూడింటిలోనూ పార్ట్ టైమ్ పద్ధతే ఉంటుంది. మామూలుగా వెనక చక్రాలే తోస్తాయి. ఫోర్ హై (మామూలు గేర్లతోనే నాలుగు చక్రాలకూ శక్తి) పెడితే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు రెండూ ఒకదానికొకటి బిగిసి సమానంగా తిరుగుతాయి.

కాడి కట్టిన ఎద్దుల జతను గుర్తు తెచ్చుకోండి. మలుపులో బయటి ఎద్దు నాలుగడుగులు ఎక్కువ వేయాలి. వేయనీయకుండా రెండింటినీ ఒకే నడక నడిపిస్తే కాడి మెలితిరుగుతుంది. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలది కూడా వెనకవాటికన్నా పెద్ద వలయం. ఇసుకలోనో బురదలోనో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు. ఆ మెలికంతా షాఫ్టుల్లో, గేర్లలో, జాయింట్లలో పేరుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, మలుపులో బండి ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు గుంజుతుంది. "గ్రిప్పు కోసం" అని ఎండిన హైవే మీద ఫోర్ హైలో పోయేవాళ్లున్నారు. ఆ గ్రిప్పు ఖరీదు ట్రాన్స్‌ఫర్ కేసు కడుతుంది.

దీనికి తిరుగుముఖం కూడా ఉంది. అసలు ఎప్పుడూ వాడకపోతే ముందు డిఫరెన్షియల్ లోపలి గేర్లకు నూనె సరిగ్గా అందదు, లీవరు లింకులు తుప్పుపట్టి బిగుస్తాయి, సీళ్లు ఎండి చెమ్మగిల్లడం మొదలవుతుంది. అందుకే చాలా తయారీదారుల పుస్తకాల్లో అప్పుడప్పుడూ ఫోర్ బై ఫోర్ వేసి కొంతదూరం నడపమని ఉంటుంది. రోజుకు రెండు పూటలా పనిచేసిన జీపుకన్నా, ఏడాది పొడుగునా కవరు కింద ఉన్న బండి ముందుగా మొరాయించడం వింతేమీ కాదు.

ఎర్ర దుమ్ము, బండల పొడి, కంప ముళ్లు

మన దగ్గర ఇంజన్‌కు మొదటి శత్రువు దుమ్ము. పూడ్చిన కాలువగట్టు మీద ముందు ట్రాక్టరు పోతుంటే వెనక వచ్చే బండి మింగేది గాలి కాదు, పొలమే. తాడిపత్రిలో, బేతంచెర్లలో రాయి కోసి పాలిష్ చేసే యూనిట్ల చుట్టూ తిరిగే బండ్లకు ఇంకా సన్నటి పొడి తగులుతుంది. ఇసుక, రాతి పొడిలో ఉండే సిలికా ఇనుమును గీసేంత గట్టిది. ఫిల్టర్ దాటి లోపలికి పోతే పిస్టన్ రింగులను, సిలిండరు గోడలను సానబెట్టినట్టు అరగదీస్తుంది. ఇంజన్ ఆయిల్ తాగడం ఐదో ఏట మొదలవుతుందా, పదకొండో ఏటా అన్నది చాలావరకు ఈ కాగితపు ఫిల్టర్ చేతుల్లో ఉంది. దాని ధర వందల్లో, దాని వెనకున్న ఇంజన్ ధర లక్షల్లో.

ఇక్కడో చిన్న చిక్కు. ఫిల్టర్‌ను గాలిగన్నుతో గట్టిగా ఊది మళ్లీ పెట్టేయడం మన షెడ్లలో అలవాటు. దగ్గర్నుంచి జోరుగా ఊదితే కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి. పైకి తెల్లగా ఉన్న ఫిల్టరే లోపలికి దుమ్ము పంపిస్తుంటుంది. కంపెనీ పుస్తకంలో వెనక పేజీల్లో దుమ్ము ప్రాంతాల కోసం వేరే సర్వీసు గడువులు ఉంటాయి, మామూలువాటికన్నా తక్కువ దూరాలతో. ఎక్కువమంది ముందు పేజీ గడువులే చూస్తారు. మన జిల్లాలకు రాసింది వెనక పేజీ.

టైర్ల సంగతి. రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లకు లోతైన గాడులు, దళసరి రబ్బరు ఉంటాయి. బురదలో పట్టు బాగుంటుంది. తారు మీద మాత్రం మోత ఎక్కువ, మైలేజీ కాస్త తక్కువ. తుమ్మ ముల్లు గుచ్చుకుంటే ప్లగ్గు కొట్టించుకోవచ్చు. పదునైన కడప బండ అంచు టైరు పక్కగోడను కోస్తే మాత్రం అతుకుండదు, టైరే మార్చాలి. ఇసుకలో పోవడానికి గాలి తగ్గించి, రోడ్డెక్కాక మళ్లీ కొట్టకుండా ఎనభైలో పోతే పక్కగోడలు వేడెక్కి లోపలి నుంచే దెబ్బతింటాయి. వేసవిలో నలభై రెండు డిగ్రీల ఎండకు ఆ వేడి తోడవుతుంది.

మనకు కలిసొచ్చేదీ ఒకటుంది. తుప్పు. విశాఖలో, నెల్లూరులో ఉప్పుగాలికి చట్రం కిందిభాగం పెచ్చులు లేస్తుంది. మన పొడి గాలిలో అదే చట్రం చాలా నిదానంగా తుప్పుపడుతుంది. సీమ బండి అడుగున గీతలు ఎక్కువుంటాయి, తుప్పు తక్కువుంటుంది. పాతబండ్లు చూసేవాళ్లకు ఇది తెలుసు.

డీజిల్ తోటకు, పెట్రోలు ఊరికి?

పాత లెక్క తేలిక: ఎక్కువ తిరిగేవాడికి డీజిల్, తక్కువ తిరిగేవాడికి పెట్రోలు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక "ఎంత దూరం" అన్నదానితో పాటు "ఎలాంటి దూరం" అన్నదీ కలిసింది. డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్నే డీపీఎఫ్ అంటారు. మసి నిండాక బండి దాన్ని బాగా వేడెక్కించి కాల్చేస్తుంది. దీనికి ఆగకుండా కొంతసేపు మంచి వేగంతో నడవాలి. ఇంటి నుంచి తోటకు ఆరు కిలోమీటర్లు పోయి, ఆపి, మళ్లీ ఆరు కిలోమీటర్లు వస్తే ఇంజన్ వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. మసి కాలదు. డ్యాష్‌బోర్డు మీద గుర్తు వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి శక్తి తగ్గించేసుకుంటుంది. తోట రైతుకు డీజిలే సరి అనుకుంటాం కదా, చిన్న చిన్న తిరుగుళ్లే ఎక్కువైతే అదే తప్పు ఎంపిక కావచ్చు. వారానికోసారి బెంగళూరుకో కర్నూలుకో పోయేవాడికి ఈ బాధ ఉండదు. హైవే ఎక్కితే మసి దానంతటదే కాలిపోతుంది.

పెట్రోలుదీ తన కష్టం తనది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే, అందుకని మైలేజీ కొంత తగ్గడం రసాయన శాస్త్రం ప్రకారమే జరుగుతుంది. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి నెలలకొద్దీ నిలిపివేసే బండికి పాత పెట్రోలు మంచిది కాదు. కొత్త బండ్లు ఈ ఇంధనానికి తగ్గట్టు తయారైనవే కాబట్టి రబ్బరు గొట్టాలు తింటాయన్న భయం వాటి విషయంలో అంతగా అక్కర్లేదు.

వంక దాటినప్పుడు ఇన్సూరెన్సు ఏమంటుంది

థార్ 650 మి.మీ. నీటిలో పోగలదని కంపెనీ చెబుతుంది. రెండడుగుల పైచిలుకు. ఈ అంకె నిలిచిన నీటికి, నిదానంగా పోయే బండికి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీల్లోకి వచ్చినప్పుడు చూసినవాళ్లకు తెలుసు, పారే నీరు వేరు. తలుపుల అడుగు దాటి నీరు ఒక్క అడుగు లేచిందనుకుందాం. బండి 4 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 0.3 మీటర్ల ఎత్తుతో గుణిస్తే 2.16 ఘనపు మీటర్లు. లోపలికి నీళ్లు చొరబడే లోపు రెండు టన్నుల నీరు బండిని పైకి లేపుతున్నట్టు. బండి బరువూ ఇంచుమించు అంతే. చక్రాలకు నేల అందకపోతే ఫోర్ బై ఫోర్ ఏం చేస్తుంది?

దాటగలిగిన నీటిలోనూ ఓ మెలిక ఉంది. హైవే మీద వచ్చి వేడిగా ఉన్న డిఫరెన్షియల్ చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి గుంజుతుంది. నూనె పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. ఆ రోజు బండికేమీ కాదు. ఆరు నెలలకు బేరింగు అరుస్తుంది, అప్పటికి వంక సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఆగిపోతే? మళ్లీ తాళం తిప్పితే నీటిని పిస్టన్ నొక్కలేక కనెక్టింగు రాడ్డు వంగుతుంది. మామూలు సమగ్ర పాలసీలో ఇలాంటి పరోక్ష నష్టానికి డబ్బు రాకపోవడమే ఎక్కువ. దీనికోసం ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు వేరేగా కొనాలి. ఇన్సూరెన్సులో బండి విలువను ఐడీవీ అంటారు. పాత టారిఫ్ పట్టిక ప్రకారం ఆరు నెలల లోపు 5 శాతం, ఆపైన ఏడాది లోపు 15 శాతం, రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50 శాతం తరుగు తీస్తారు. ఆ తర్వాత కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. కాబట్టి బయట 11 లక్షలు పలికే ఐదో ఏటి బండికి పాలసీ కాగితంలో 8 లక్షలే ఉండొచ్చు. బండి పూర్తిగా పోతే చేతికి వచ్చేది కాగితంలో ఉన్నదే.

ఒక తోట రైతు లెక్క

ఇవన్నీ అనుకున్న అంకెలు. మీ అంకెలు వేసుకుంటే ఫలితం మారుతుంది. రోడ్డెక్కే సరికి 19 లక్షలైన డీజిల్ ఫోర్ బై ఫోర్. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, లీటరుకు 12, డీజిల్ 97 రూపాయలు. పది లక్షల అప్పు 9 శాతానికి ఐదేళ్లు. ఐదేళ్లకు 11 లక్షలకు అమ్మగలడనుకుందాం.

డీజిల్‌కు 4.85 లక్షలు. నెల వాయిదా 20,758 రూపాయలు; మొత్తం వడ్డీ 2.45 లక్షలు. టైర్లు ఒక సెట్టు మార్పు 52 వేలు, సర్వీసులు 60 వేలు, ఇన్సూరెన్సు 1.25 లక్షలు. అన్నిటికన్నా పెద్దది బిల్లు రాని ఖర్చు: ధర పడిపోవడం, 8 లక్షలు. మొత్తం 17.67 లక్షలు. 60,000 కిలోమీటర్లకు భాగిస్తే కిలోమీటరుకు 29 రూపాయలన్నర. అందులో డీజిల్ వాటా 8 మాత్రమే. "ఎంతిస్తాది" అని అడిగాం కదా, 12 బదులు 15 ఇచ్చినా ఐదేళ్లలో మిగిలేది 97 వేలు.

అమ్మకుండా ఇంకో ఐదేళ్లు ఉంచుకుంటే? 11 లక్షల బండి 6కు పడిందనుకుంటే 5 లక్షలు పోయాయి. డీజిల్ అంతే, వడ్డీ లేదు. క్లచ్చు, బుష్‌లు, బ్యాటరీ, ఏసీ కలిపి సర్వీసు ఖర్చు నాలుగింతలై రెండున్నర లక్షలనుకుందాం. టైర్లు 52 వేలు, ఇన్సూరెన్సు లక్ష. మొత్తం 13.87 లక్షలు, కిలోమీటరుకు 23. ఇంకో మూడు లక్షల పెద్ద రిపేరు వచ్చి పడినా 28. మొదటి ఐదేళ్లకన్నా తక్కువే.

"వారంటీ అయిపోతూనే అమ్మేయాలి" అనేవాళ్లు ఈ లెక్కలో లేనిదాన్ని చూపిస్తారు. కోత రోజుల్లో బండి పది రోజులు షోరూములో పడుంటే ఆ నష్టం ఏ గడిలో రాయాలి? స్క్రీన్లు, సెన్సర్లు, కంట్రోల్ యూనిట్లు ఉన్న కొత్త బండిని ఊరి షెడ్డు మెకానిక్ విప్పలేడు, స్కానరు కావాలి, పార్టు రావాలి. ఇది నిజమైన అభ్యంతరమే. ఇంట్లో ఇంకో బండి ఉన్నవాడికి పదేళ్లు లాభం. ఉన్న ఒక్క బండి మీదే పనంతా నడిచేవాడికి మాత్రం రిపేరు కన్నా ఎదురుచూపు ఖరీదు. ఇక ఏడాదికి 5,000 కిలోమీటర్లు కూడా తిరగని వాడికి ధర పడిపోవడమే కిలోమీటరుకు 32 రూపాయలు. అతను కొన్నది ముచ్చట. తప్పేం లేదు, ముచ్చటకు ముచ్చట ఖరీదుంటుంది.

పెద్ద టైర్లు, ఇనుప బంపరు, బెంగళూరు నంబరు

ఈ బండి కొన్న నెలలోపే మొదలయ్యేది మార్పులు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) ఉన్న తయారీ వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ముందు వెనక బిగించే ఇనుప గార్డులు చెల్లవని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు సెన్సర్లకు అవి అడ్డుపడతాయి, నడిచేవాళ్లకు ప్రాణాంతకం. 182ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ. ఇంతకన్నా నిశ్శబ్దంగా పడే దెబ్బ ఇన్సూరెన్సు క్లెయిములో పడుతుంది.

హిందూపురం వైపు ఇంకో కథ. బెంగళూరులో కొని కేఏ నంబరుతోనే ఇక్కడ తిప్పుతుంటారు. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంటే చట్టం ప్రకారం ఇక్కడ రిజిస్టరు చేయించాలి. అభ్యంతరం లేదని అక్కడి నుంచి పత్రం (ఎన్ఓసీ) తేవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్సు కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి అడుక్కోవాలి. చవగ్గా వచ్చిందనుకున్న సెకండ్ హ్యాండు బండి ఇక్కడ చవక కాకుండా పోతుంది.

సొంత బండి ఆర్‌సీ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆపైన తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అంతకు ముందే చాలా బండ్లు చేతులు మారతాయి. ఆ బేరంలో అమ్మేవాడు గర్వంగా చెప్పే మాట ఒకటుంది: "ఒక్కసారి కూడా గుట్టెక్కించలేదన్నా, ఫోర్ బై ఫోర్ ముట్టుకోనే లేదు." తెలిసిన కొనుగోలుదారు దానికి తలూపి, బండిని పక్కనున్న చేను మట్టిలోకి దింపి, చిన్న లీవరు మీద చెయ్యేసి ఫోర్ లోకి లాగుతాడు. అది కదలదు. రెండు చేతులతో లాగినా కదలదు. బేరం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.